వినపడ్డం ఇబ్బందిగా ఉంది

చిన్నమ్మలు తన కళ్ళతో చూసింది కాదు. పాలకేంద్రం దగ్గర వీరలక్ష్మి చెబితే విన్నది. వీరలక్ష్మి కూడా చూడలేదు, వాళ్ళ తోడికోడలు చూసిందట. ఏమిటయ్యా చూసిందంటే, మస్కట్ అప్పారావు పెళ్ళాం సూర్యకుమారి తెల్లారగట్ల రామాలయం గోడ పక్కన నిలబడి, మైకు హారను వంక చూస్తూ, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని ఏదో గొణుక్కుందట. దణ్ణమైతే చేతులు చెవుల మీదికెందుకు వెళ్తాయి? శాపనార్థాలేనట. "గుడికి మైకిచ్చిన మనిషే గుడి మైకుని తిడతందంటే అర్థం ఏటి? ఆ మస్కట్లో మొగుడు ఏ మతం పుచ్చుకునొచ్చేడో, రామనామం పడ్డం లేదు ఆ ఇంటికి" అని తోడికోడలు అందట. అందో లేదో గాని, తోడికోడలి నోట బఠాణీ గింజంత ఉన్న మాట వీరలక్ష్మి నోట నిమ్మకాయంతయి, చిన్నమ్మలు చెవిలో పడేసరికి ఒలవని కొబ్బరికాయంతయింది.

చిన్నమ్మలు ఆ కాయని తిన్నగా మోసుకొచ్చి సూర్యకుమారి పెరటి దడి మీంచి ఇవతలికి దించింది. పక్కింటి మనిషి కదా, దాచుకుంటే కడుపు ఉబ్బిపోదూ!

"నీ గురించి ఇలాగంటన్నారొదినా. నాకెందుకులే గాని, రేపు చెప్పలేదంటావని చెప్తన్నాను."

సూర్యకుమారి గిన్నెలు తోముకుంటోంది. తల ఎత్తలేదు.

"చెవుల మీద చేతులు పెట్టుకున్న మాట నిజమే చిన్నమ్మలూ. తిట్టలేదు. చెవులు పట్టుకుని తప్పయిందన్నాను."

"దేనికీ?"

"తిట్టాలనిపించింది. అందుకని."

చిన్నమ్మలుకి ఈ జవాబు ఏ బుట్టలో వెయ్యాలో తెలియలేదు. "ఏవిటో నీ గొడవ" అని చెంగు దోపుకుని వెళ్ళిపోయింది.

ఆ మైకు సంగతి ఇదీ.

అప్పారావు మస్కట్లో ఒక కంపెనీ క్యాంపులో వంటవాడు. పెళ్ళయిన కొత్తలో వెళ్ళినవాడు. సెలవుకి రావడం, పెట్టె సర్దుకుని పోవడం. భార్యాభర్తలు ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ పోగేస్తే ఏళ్ళలో తేలవు, నెలల్లో తేలతాయి. తక్కినదంతా ఫోను కాపరమే. మనిషి చెడ్డ మాటకారి. అక్కడ గరిటె పక్కన పెట్టగానే ఇక్కడ సెల్లు మోగేది. "సూర్యా, ఇవాళ మలబారు కుర్రాళ్ళకి మన గుత్తొంకాయ పెట్టేనే. ఒకడు కంచం నాకేసేడు" అని మొదలెట్టి, ఇక్కడ బియ్యం ఉడికి గంజి పొంగి పొయ్యి ఆరిపోయేదాకా ఆపేవాడు కాదు. దేశం కాని దేశంలో ఎండ ఎలా ఉందో, సముద్రం ఏ రంగులో ఉందో, చేప ఎంత లావుందో, అన్నీ ఆ గొంతులోంచే చూసింది ఆవిడ. మొగుడి మొహం ఒక్కోసారి సరిగ్గా జ్ఞాపకం వచ్చేది కాదు గాని, గొంతు మాత్రం బావిలోంచి పిలిచినా గుర్తుపట్టగలదు.

ఆ గొంతే పడిపోయింది. క్యాంపులో తోటివాళ్ళు ఫోను చేసి, పక్షవాతమండి, కుడివైపు పోయింది, మాట కూడా పోయిందండి అన్నారు. సూర్యకుమారి ఉన్నపళంగా రామాలయానికి పరిగెత్తింది. అప్పటికి గుడిలో ఉన్న పాత మైకు గురగురమనే తప్ప పలికేది కాదు. దేవుడు గొంతు పోయి కూర్చున్నాడని ఊళ్ళో వేళాకోళం. ఆవిడ గడప మీద తల ఆనించి మొక్కుకుంది. "స్వామీ, ఆయన గొంతు ఆయనకిప్పించు. నీకు గొంతు నేనిప్పిస్తాను."

అప్పారావు చక్రాల కుర్చీలో దిగేడు. మూతి ఒక పక్కకి పోయింది. గొంతు బొత్తిగా లేకపోలేదు. ఉంది. సాలెపోగంత ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఉన్నట్టు, దూరం జరిగితే లేనట్టు.

మొక్కు సంగతి ఏం చెయ్యమంటావని గుడి కమిటీ ప్రెసిడెంటు కృష్ణమోహన్‌ని అడిగింది. కొబ్బరి వ్యాపారం అతనిది. వరసకి తమ్ముడు. అప్పారావు దిగిన రోజు సొంత కారు వేసుకుని విమానాశ్రయానికి వెళ్ళి, మనిషిని పసిపిల్లాడిలా ఎత్తి కూర్చోబెట్టి తెచ్చినవాడు.

"స్వామి సగం ఇచ్చేడని నువ్వు కూడా సగం ఇస్తావా అక్కా? మైకు ఇచ్చి హారన్లు ఎగ్గొడతావా ఏటి?" అని నవ్వేడు. నిజమే కదా అనుకుంది. దేవుడితో బేరాలేమిటి! పూర్తి సెట్టు కొనిచ్చింది. గుడి మీద నాలుగు దిక్కులకీ నాలుగు హారన్లు లేచాయి.

మొక్కులో అనుకున్న ఇద్దరిలో ఒకరికి గొంతొచ్చింది.

ఇక రోజూ తెల్లారగట్ల మైకు చూసే బుల్లబ్బాయి స్విచ్చి వేసి, గొంతు సవరించుకుని, పాటలకి ముందు ఒక ప్రకటన చేసేవాడు. "భక్తులారా! ఈ మైకు సెట్టు దాతలు మస్కట్ అప్పారావుగారు, వారి ధర్మపత్ని సూర్యకుమారిగారు. వారి కుటుంబానికి స్వామివారి ఆయురారోగ్యాలు..." అని. ఆరోగ్యాలన్న మాట దగ్గర ఎందుకో అతని గొంతు బాగా పైకి లేచేది. పక్క ఊళ్ళో చుట్టాలు కూడా మీ పేరు వింటున్నామని ఫోను చేసి చెప్పేవాళ్ళు.

అమలాపురంలో మాటలు నేర్పించే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. సత్యప్రియ. చిన్నపిల్లే గాని ఓర్పు గల మనిషి. అప్పారావు చేత అ, ఆలు దిద్దించినట్టు పెదాలు కదిపించి, చూసి, సూర్యకుమారిని పక్కకి పిలిచింది.

"దీనికి మందు బిళ్ళలు లేవండి అమ్మగారూ. నిద్ర లేచిన కాసేపు ఆయన నాలుక ఆయన మాట వింటుంది. పొద్దెక్కేకొద్దీ అలిసిపోతుంది. ఆ కాసేపే మనకి పంట. టీవీ, ఫ్యాను కూడా కట్టేసి, ఎదురుగా కూర్చుని, పెదాలు చూస్తూ వినండి. విన్నారని తెలిస్తే ఇంకో మాట వస్తుంది. వినపడలేదని తెలిస్తే విసుగొచ్చి మానేస్తారు. మానేసినవాళ్ళకి మళ్ళీ మాట రప్పించడం నా వల్ల కూడా కాదండి."

"ఆయ్, అలాగేనమ్మా" అంది సూర్యకుమారి.

ఆ కాసేపే మైకు వేళ కూడాను.

ఏం చేస్తుంది? తలుపులు మూసింది. కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కింది. అయినా గోడలు వినడం మానతాయా? అప్పారావు లేచి, మంచం పట్టె మీద చేయి ఆనించి, ఆవిడ మొహంలోకి చూస్తూ పెదాలు కదిపేవాడు. ఆవిడకి పైనుంచి భక్తి పాట వినపడేది. మళ్ళీ అనండి అనేది. మళ్ళీ అనేవాడు. మూడోసారికి కళ్ళు పక్కకి తిప్పేసుకునేవాడు. మైకు ఆగేసరికి పొద్దెక్కేది, నాలుక మొద్దుబారేది. ఇన్నేళ్ళూ మనిషి లేని గొంతుతో కాపరం చేసినావిడ, ఇప్పుడు గొంతు లేని మనిషితో చేస్తోంది.

కృష్ణమోహన్‌ని అడుగుదామనుకుంది. అడగడమంటే కోనసీమలో అడగడం. మాటకి ముందు ఆకు పరవాలి, నీళ్ళు చిలకరించాలి, ఉప్పూ పచ్చడీ ఓ మూల వెయ్యాలి, అప్పుడు గాని అన్నం వడ్డించకూడదు. తిన్నగా గుమ్మరిస్తే అది మర్యాద కాదు. గుడి ముందు కనబడితే ఆగింది.

"తమ్ముడూ, పిల్లలు బావున్నారా? అమ్మగారికి ఎలా ఉంది?"

"బావున్నారక్కా. బావకెలా ఉంది?"

"అలాగే ఉన్నారయ్యా. మరేం లేదు. మైకు సంగతి. మా ఇంటికి వినపడ్డం కొంచెం ఇబ్బందిగా ఉంది. మీ బావకి మరీనీ. వీలు చూసుకుని ఏదైనా చేస్తావేమోనని."

కృష్ణమోహన్ నొచ్చుకున్నాడు. "ఆయ్! ఎంతమాటక్కా! దాతవి, నువ్వు నోరు తెరిచి అడగాలా? రేపు పొద్దున్నకల్లా చూసేస్తాను."

సూర్యకుమారి గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఆ సాయంత్రం అప్పారావుకి కూడా చెప్పింది, రేపటినుంచి మీరు చెప్పినవన్నీ వింటానండీ అని.

పొద్దున్నే బుల్లబ్బాయి నిచ్చెన వేసుకుని గుడి ఎక్కేడు. కాలవ వైపు తిరిగి ఉన్న హారను ఊడదీసి, ఆవిడ ఇంటి వైపున్న హారను పక్కనే బిగించేడు. రెండు మూతులూ తిన్నగా సూర్యకుమారి కిటికీలోకి. కింద కృష్ణమోహన్ నిలబడి "ఇంకాస్త కిందికి దించరా, బావ మంచం ఆ గదిలోనే" అని దగ్గరుండి చేయించేడు. తర్వాత వీధిలోంచే కేకేసేడు.

"ఇప్పుడెలా ఉందక్కా? బావకి వినపడతందా?"

వినపడ్డం ఇబ్బందిగా ఉందంటే, పాపం, సరిగా వినపడ్డం లేదనుకున్నాడు. అనుకోడా మరి? గుడి మైకు వినపడకపోతే ఇబ్బంది పడేవాళ్ళనే గాని, వినపడితే ఇబ్బంది పడేవాళ్ళని అతను ఎరగడు. ఆవిడది మొహమాటం అలవాటైన నోరు కదా, దానంతటదే "ఆయ్" అనేసింది.

వెనక్కి తిరిగి చూస్తే అప్పారావు ఉన్న సగం మూతితో నవ్వుతున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ నవ్వు కూడా వినపడలేదు.

"బుద్ధి లేదా వదినా నీకు?" అంది చిన్నమ్మలు. "ఈ డొంకతిరుగుడెందుకు? తగ్గించండి బాబూ, మా ఆయన మాట వినపడ్డం లేదు అని అడగలేవూ?"

అడిగింది. కృష్ణమోహన్ కొబ్బరికాయ ఒలుపు చేయించుకుంటున్న చోటికే వెళ్ళి, పీచు డొక్కల గుట్ట పక్కన నిలబడి, ఆకు పరవకుండానే అడిగింది. కృష్ణమోహన్ మొహం మాడిపోయింది. "అయ్యయ్యో! ఆ రోజే తిన్నగా చెప్పొచ్చు కదక్కా! నేనేటో అనుకుని..." అని అప్పటికప్పుడు బుల్లబ్బాయికి ఫోను చేసి, తెచ్చిన హారను మళ్ళీ కాలవ వైపు పెట్టించేడు. అంతవరకూ బాగానే ఉంది. గొంతు తగ్గించే మాట దగ్గరికొచ్చేసరికి అతను తల గోక్కున్నాడు.

"ఓసారి ఇంట్లోకి రా అక్కా. నా గొడవ కూడా నువ్వు చూడు."

లోపల గదిలో కృష్ణమోహన్ తల్లి బుజ్జమ్మ మంచం మీద ఉంది. నడుం పడిపోయి చాలా కాలమైంది. కళ్ళూ ఆనవు.

"అమ్మా, అప్పారావు బావ పెళ్ళాం వచ్చింది" అని కృష్ణమోహన్ చెవిలో అరిచేడు.

ముసలావిడ చెయ్యి గాలిలో తడిమి సూర్యకుమారి చెయ్యి పట్టుకుంది. "నువ్వా తల్లీ! చల్లగా ఉండు. నువ్విచ్చిన మైకేనే నాకు గుడి. కాళ్ళు పోయేయి, చూపు పోయింది. చెవుల్లోకి ఆ కాస్త పడతంది. ఏ పొద్దున పోతానో, పోయేటప్పుడు రామనామం చెవిన పడిందంటే ఇంక నాకేం కావాలి? వీణ్ణి రోజూ పోరతాను, పెంచరా, ఇంకాస్త పెంచరా అని. పెంచడు ఎదవ."

సూర్యకుమారి ఆ చేతిని విడిపించుకోలేదు. ఎముకల మీద చర్మం, చర్మం మీద వెచ్చదనం, అంతే ఉంది అందులో. "ఆయ్, పిన్నిగారూ" అంది.

బయటికొచ్చాక మెల్లిగా అడిగింది, "ఆవిడ మంచం దగ్గర చిన్న బాక్సేదైనా పెట్టిస్తే సరిపోదా తమ్ముడూ?"

"పెట్టించేనక్కా. ఇది రేడియోరా, గుడి కాదు అని తీయించేసింది. ఊరందరికీ వినపడితేనే అది గుడంట." కృష్ణమోహన్ అరుగు మీద చతికిలబడ్డాడు. "తగ్గిస్తే అమ్మకి వినపడదు. తగ్గించకపోతే బావకి బాధ. పోనీ నేను ఎలాగో తగ్గించేననుకో, కమిటీ వాళ్ళు ఊరుకుంటారా? పేటలో చర్చి వాళ్ళు తగ్గిస్తారా? కిందటేడు నేనే వెళ్ళి పాస్టరుగారిని అడిగేను. ముందు మీరు తగ్గించండి ప్రెసిడెంటుగారూ, మీ వెనకాలే మేమూ అన్నారాయన. ఆయన తప్పూ లేదు, వాళ్ళకీ ఉంటారు మంచాన పడ్డ ముసలమ్మలు. ఎవరు ముందు తగ్గితే వాళ్ళ దేవుడు చిన్నోడైపోతాడక్కా. అదీ భయం."

ఇందులో ఎవరిని తిట్టాలి? తిట్టడానికొక మనిషి దొరికినా కొంత నయమనిపించింది సూర్యకుమారికి.

గ్రామ సచివాలయంలో హారిక అని మహిళా పోలీసు ఉంటుంది. ఎందుకైనా మంచిదని అక్కడికీ వెళ్ళింది.

"రూలుందండి ఆంటీ. శబ్దం ఇంతకి మించకూడదని ఉంటుంది. మీరు కంప్లైంటిస్తే ఎస్సైగారికి పంపిస్తాను. మైకు ఎవరిదండి?"

"నాదేనమ్మా."

"అంటే?"

"నేనే ఇచ్చేను గుడికి."

హారిక పెన్ను మూత పెట్టేసింది. "మీ పేరుతో ఉన్న మైకు మీద మీరే కంప్లైంటిస్తే, ఎస్సైగారు నన్ను కోప్పడతారేమోనండి" అంది మొహమాటంగా. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఎవరో కిసుక్కుమన్నారు.

రాజోలు దగ్గర అన్నగారింట్లో కొన్నాళ్ళు ఉందామని చూసింది. ఆ ఇంటి చుట్టూ రొయ్యల చెరువులు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల మోత. దేవుడి గోల తప్పించుకుని రొయ్యల గోలలో పడ్డట్టయింది. అప్పారావు తిండి మానేసి వీధి గుమ్మం వైపు చూస్తుంటే మళ్ళీ ఇంటికి తెచ్చేసుకుంది.

మాఘమాసం వచ్చింది. చాలా ఏళ్ళుగా ఊళ్ళో సప్తాహం జరగలేదు. ఏడు రోజులు పగలూ రాత్రీ తెగకుండా రామనామం నడవాలి. ఒక ఊరి భజన జట్టు అలిసిపోతే ఇంకో ఊరి జట్టు అందుకోవాలి, దీపం కొండెక్కకూడదు, నామం ఆగకూడదు. ఇన్నాళ్ళూ సరైన మైకు లేక వాయిదా వేస్తూ వచ్చారు. ఇప్పుడు ఉంది కదా! కొబ్బరాకుల పందిరి లేచింది. నగరం, మామిడికుదురు ఊళ్ళ జట్లకి కబురెళ్ళింది.

సూర్యకుమారి ఆఖరిసారి కృష్ణమోహన్ ఇంటికి వెళ్ళింది.

"నామం ఆపమనటం లేదు తమ్ముడూ. ఆపమంటే నాకు కళ్ళు పోతాయి. పొద్దున్న కాసేపు మైకు ఒక్కటీ కట్టెయ్యి. నామం మీ నోటితో మీరు అనుకోండి. ఆయన ఈ మధ్య ఏదో చెప్పాలని చూస్తున్నారు. రోజూ అదే మాటతో మొదలెడుతున్నారు. అదేదో నేను వినాలయ్యా."

కృష్ణమోహన్ కళ్ళు దించుకున్నాడు. "అఖండ నామం అక్కా. మైకు ఆగితే నామం ఆగినట్టే అంటారు జనం. నడిమిలో తెగితే ఊరికి అరిష్టం. రేపు ఏ పిల్లాడికి జ్వరమొచ్చినా నిన్నే అంటారు, నన్నే అంటారు. ఏడు రోజులు ఓర్చుకో. తర్వాత నీ ఇష్టం, నువ్వెలాగంటే అలాగ."

సప్తాహం సగానికొచ్చిన రోజు. నగరం జట్టు వంతు. కుర్ర గొంతులు, పొగరు మీద ఉన్నాయి. చిడతలూ తాళాలూ హార్మోనీ, వాటన్నిటినీ కలిపి హారన్లు ఊరి మీదికి కుమ్మరిస్తున్నాయి. గూట్లో గాజుగ్లాసు దానంతటదే సన్నగా మోగుతోంది.

అప్పారావు లేచి కూర్చున్నాడు. ఎప్పుడూ ఆవిడ లేపి కూర్చోబెట్టాలి. ఇవాళ తనే లేచేడు. మొహం తేటగా ఉంది. పోయిన మూతి కాస్త సరిపడ్డట్టు కనిపించింది. బాగున్న చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

సూర్యా.

ఆ పిలుపు ఆవిడకి వినపడలేదు, కనపడింది. పెదాలు ముందుకొచ్చి విచ్చుకోవడం తెలుసు ఆవిడకి. ఆ తర్వాత ఆగలేదు మనిషి. ఒక మాట కాదు, రెండు కాదు. వెనకటి ఫోను కాపరం రోజుల్లోలాగ వరసపెట్టి చెబుతున్నాడు. కనుబొమలు ఎగరేస్తున్నాడు, తల ఊపుతున్నాడు, మధ్యలో ఓసారి నవ్వేడు. ఆవిడ పెదాల్లోంచి కళ్ళు తియ్యకుండా చూసింది. ఒక చోట 'ఇల్లు' అన్నట్టుంది. 'తల్లి' కూడా కావచ్చు. ముందుకు వంగి చెవి తీసుకెళ్ళి ఆయన నోటికి ఆనించింది. వెచ్చటి ఊపిరి తగిలింది. ఊపిరి అంచుల్లో సన్నగా ఏదో కదిలింది. అంతలో కుర్రజట్టు పై స్థాయి అందుకుంది. ఇల్లంతా హరే రామ.

ఊపిరి ఆగింది. ఆవిడ తలెత్తి చూసింది. అప్పారావు తన వంకే చూస్తున్నాడు. ఏదో అడిగేడు. జవాబు కోసం ఆగేడు.

వినపళ్ళేదండీ అనబోయింది. వినపడలేదని తెలిస్తే మానేస్తారండి అన్న సత్యప్రియ మాట గొంతుకి అడ్డం పడింది.

"ఆయ్" అంది. "అలాగేనండీ."

అప్పారావు ఆవిడ మొహంలోకి కాసేపు చూసేడు. తర్వాత పెద్ద బరువేదో ఇంకొకరి తల మీదికి మార్చినవాడిలా నిట్టూర్చి, ఆవిడ చేతి మీద రెండుసార్లు తట్టి, వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ జావ కాచి తెచ్చేసరికి చెయ్యి చల్లబడి ఉంది.

సూర్యకుమారి కేక వేసింది. ఆ కేక పక్కింటి చిన్నమ్మలుకి కూడా వినపడలేదు. దడి దాటి వెళ్ళి భుజం పట్టి కుదిపితే గాని తెలియలేదు.

రామాలయం వీధిలో శవం ఉంది. లేచేదాకా గుడిలో గంట మోగకూడదు, మైకు పలకకూడదు. ఇది ఊరు పుట్టినప్పటి ఆచారం. మరి సప్తాహం? కమిటీ వాళ్ళు పందిట్లో మల్లగుల్లాలు పడ్డారు. మూలనున్న పూజారిగారు విసుక్కున్నారు. "నామం ఎందుకు ఆపడం? మైకు కట్టేసి, తలుపులు దగ్గరగా వేసి, నోటితో మెల్లిగా అనుకోండి. నామానికి మనిషి గొంతు చాలదటయ్యా? మైకులు రాకముందు సప్తాహాలు చెయ్యలేదా మన తాతలు?"

నిజమేనన్నారు అందరూ. ఒక్కరూ కాదనలేదు. బుల్లబ్బాయి వెళ్ళి స్విచ్చి కట్టేసేడు.

ఒక్కసారిగా వీధి ఖాళీ అయిపోయినట్టయింది. ఆ ఖాళీలోకి ఒక్కొక్క చప్పుడే వచ్చి కూర్చుంది. కొబ్బరి మట్టలు రాసుకుంటున్నాయి. కాలవలో ఎవరో గేదెని అదిలిస్తున్నారు. గోడ మీద గడియారం టిక్కుటిక్కుమంటోంది. అది నడుస్తోందన్న సంగతే సూర్యకుమారికి గుర్తు లేదు. వీటన్నిటి వెనక నుంచి, చెవి రిక్కించి వింటే, రామనామం. గుడి తలుపుల వెనక నలుగురు గొంతు తగ్గించి అనుకుంటున్న నామం. పక్క గదిలో ఎవరో పసిపిల్లని జోకొడుతున్నట్టుంది. ఎంత బాగుందో! ఈ నామం వింటూ అప్పారావు ఎన్ని మాటలు చెప్పేవాడో! ఆవిడ ఆయన పెదాల వంక చూసింది. చూసినంతసేపూ చూసి, కొంగుతో ఆ మూతి తుడిచింది.

జనం వచ్చారు. అరుగు నిండింది, వసారా నిండింది.

"అదృష్టవంతుడు. సప్తాహంలో, నామం చెవిన పడుతుండగా పోయేడు."

"కోరుకున్నా దొరకదండి అలాంటి చావు."

"వాళ్ళిచ్చిన మైకులోనే కదండీ విన్నది! ఊరికే పోతుందా పుణ్యం?" ఇది వీరలక్ష్మి. ఏ మతం పుచ్చుకునొచ్చేడో అన్న మాట మోసిన నోటితోనే పుణ్యాత్ముడు అని కళ్ళొత్తుకుంది. బుజ్జమ్మ కబురు కూడా వచ్చింది. నా వంతు చావు వాడు పట్టుకుపోయేడు అని ఏడుస్తోందట.

కృష్ణమోహన్ వచ్చి శవం కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అతని ఏడుపులో అబద్ధం లేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, సూర్యకుమారి వైపు జరిగి, ఓదార్పుగా అన్నాడు.

"మైకు కట్టించేసేనక్కా."

ఆవిడ అప్పారావు మీది దుప్పటి సర్దింది.

పోయినవాళ్ళ ఆఖరి మాట అడగడం మర్యాద. అడిగి, విని, నలుగురికీ చెప్పుకుంటారు. పన్నెండో రోజు భోజనాల దగ్గర కూడా ఆ మాటే నడుస్తుంది. అడక్కపోతే మనిషిని లెక్క చెయ్యనట్టు. అందుకని కృష్ణమోహనే అడిగేడు.

"ఆఖరికి ఏవన్నా చెప్పేడా అక్కా, బావ?"

వసారాలో వాళ్ళందరూ కాస్త ముందుకు వంగేరు. "రామా అనే ఉంటాడు, ఇంకేవంటాడు" అని వీరలక్ష్మి పక్కనుంచి అందించింది.

సూర్యకుమారి తలెత్తి అందరినీ చూసింది. గుడి వైపు చూసింది. గొంతు పెంచే అవసరం లేకపోయింది, అంత నిశ్శబ్దంగా ఉంది ఊరు. ఆకు పరవలేదు, నీళ్ళు చిలకరించలేదు.

"వినపళ్ళేదు తమ్ముడూ. మైకు పెట్టేరు కదా."